రిమాండ్‌లో ఉన్న తమ్ముడికి ఓటు ఉందా, ఉంటే వేసే దారి ఉందా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, పొరపాటు ఉంటే సరిచేయండి. మీ తమ్ముడు ఒక మామూలు దొంగతనం కేసులో, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 303(2) కింద, పదకొండు నెలలుగా కేంద్ర కారాగారంలో రిమాండ్ ఖైదీగా ఉన్నాడు. కోర్టు బెయిలు మంజూరు చేసినా ఇద్దరు జామీనుదారులు దొరక్క బయటికి రాలేకపోయాడు. ఊరి ఓటర్ల జాబితాలో అతని పేరు ఉంది. ఇంటింటికీ తిరుగుతూ వచ్చిన బూత్ స్థాయి అధికారి ‘మనిషి ఇక్కడ లేడు కదా, పేరు తీసేయాల్సి వస్తుంది’ అన్నారు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు, పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద అదే జైల్లో ఉన్న మరో కుర్రాడికి గత ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ వచ్చిందని విన్నారు. అతనికి వచ్చినప్పుడు మా తమ్ముడికి ఎందుకు రాదు అన్నది మీ ప్రశ్న.

సమాధానం ముందే చెబుతాను. మీ తమ్ముడు జైల్లో ఉన్నంత కాలం ఓటు వేయలేడు, అతనికి పోస్టల్ బ్యాలెట్ కూడా రాదు. కానీ ఆ కారణం చూపి జాబితాలో అతని పేరు తీసేయడానికి ఎవరికీ అధికారం లేదు. పీడీ చట్టం కింద ఉన్న కుర్రాడి గురించి మీరు విన్నది నిజమే అయి ఉంటుంది, చట్టమే అలా ఉంది. ఇక బెయిలు మీద పోలింగు నాటికి బయటికి రాగలిగితే మీ తమ్ముడు అందరిలాగే వరుసలో నిలబడి ఓటు వేయవచ్చు. రెవెన్యూ శాఖలో పనిచేస్తూ పలు ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ విభాగం చూశాను, పదవీ విరమణ తర్వాత కొంతకాలంగా న్యాయసేవా స్వచ్ఛంద కార్యకర్తగా జైలుకు వెళ్లివస్తున్నాను. కిందివన్నీ ఆ అనుభవంతో చెబుతున్నవే.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 62వ సెక్షన్ ఐదో ఉపవిభాగం ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. కారాగార శిక్ష వల్ల గానీ, ద్వీపాంతరవాస శిక్ష వల్ల గానీ, మరే కారణంగా గానీ జైల్లో నిర్బంధంలో ఉన్నవారు, అలాగే పోలీసుల చట్టబద్ధమైన కస్టడీలో ఉన్నవారు ఏ ఎన్నికలోనూ ఓటు వేయరాదని అది అంటుంది. ద్వీపాంతరవాసం అంటే అండమాను పంపే శిక్ష. 1955 నాటి సవరణతో శిక్షాస్మృతిలో దాని స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చింది, అయినా ఎన్నికల చట్టంలో ఆ మాట నేటికీ అలాగే ఉండిపోయింది. మీ తమ్ముడిని పట్టుకున్నది మాత్రం ఆ మాట కాదు, దాని పక్కనున్న ‘మరే కారణంగా గానీ’ అన్న మాట. నేరం రుజువైందా లేదా, అభియోగపత్రం దాఖలైందా లేదా, నేరం చిన్నదా పెద్దదా అని ఈ సెక్షన్ అడగదు. మనిషి పోలింగు రోజున జైలు గోడల లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా అన్నది ఒక్కటే అడుగుతుంది.

దీని ఫలితం ఎంత విచిత్రంగా ఉంటుందో చూడండి. హత్య కేసులో శిక్షపడి, అప్పీలు పెండింగులో ఉండగా శిక్ష నిలుపుదలై బెయిలు మీద బయటున్న వ్యక్తి ఓటు వేయవచ్చు. సెల్‌ఫోన్ దొంగిలించాడన్న ఆరోపణ మీద రిమాండ్‌లో ఉండి, నేరం ఇంకా రుజువు కాని వ్యక్తి వేయలేడు. ఇదే రకం కేసులో పట్టాదారు పాసుపుస్తకమో ఇంటి పన్ను రశీదో పట్టుకుని పూచీ ఇచ్చే బంధువులున్న కుర్రాడు వారం తిరగకుండా బయటికి వచ్చి ఓటేస్తాడు. మీ తమ్ముడికి ఆ బంధువులు లేరు కాబట్టి లోపలే ఉన్నాడు, ఓటూ లేదు. చట్టం ఓటును పేదరికంతో ముడిపెట్టలేదు, కానీ జామీనుతో ముడిపెట్టింది, మన జైళ్లలో రెండూ ఒకటే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే లోపలున్న ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు.

ఇప్పుడు పీడీ చట్టం కింద ఉన్న కుర్రాడి సంగతి. ఆ ఐదో ఉపవిభాగానికే ఒక మినహాయింపు ఉంది: ముందస్తు నిర్బంధ చట్టాల కింద నిర్బంధంలో ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో జనం పీడీ చట్టం అని పిలిచే 1986 నాటి చట్టం (సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాలు వంటివారి ప్రమాదకర కార్యకలాపాల నివారణ కోసం అంటూ పెట్టినది), జాతీయ భద్రతా చట్టం, స్మగ్లింగును అడ్డుకోవడానికి పెట్టిన కాఫెపోసా వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) మాత్రం ఇందులోకి రాదు. అది నేరాన్ని విచారించి శిక్షించే చట్టం కాబట్టి దాని కింద రిమాండ్‌లో ఉన్నవారు మీ తమ్ముడి వరుసలోనే నిలుస్తారు.

ముందస్తు నిర్బంధం అంటే చేసిన నేరానికి శిక్ష కాదు, ముందు ముందు ఏదో చేస్తారన్న అనుమానంతో ప్రభుత్వం పెట్టే నిర్బంధం. ప్రతిపక్షంలో ఉన్నవారిని ఎన్నికల ముందు లోపల పెట్టి ఓటు కూడా లేకుండా చేసే అవకాశం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న ఆలోచన, అది సబబైనదే. కానీ వాడుకలో అది ఎటు తిరిగిందో చూస్తే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. పీడీ ఉత్తర్వు సాధారణంగా పోలీసుల దృష్టిలో పదేపదే నేరాలు చేసేవారి మీద వస్తుంది, పైగా చాలాసార్లు అప్పటికే రిమాండ్‌లో ఉన్నవారికే ఆ ఉత్తర్వును జైల్లో అందజేస్తారు. అంటే నిన్నటిదాకా రిమాండ్ ఖైదీగా ఓటు లేని మనిషికి, అతను మరింత ప్రమాదకారి అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితంతో ఓటు తిరిగి వస్తుంది. రేపు హైకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదని కొట్టేసి, పాత కేసులో ఇంకా బెయిలు రాకపోతే, ఓటు మళ్లీ పోతుంది. పీడీ ఉత్తర్వులను విచ్చలవిడిగా జారీ చేస్తున్నారని తెలంగాణకు సంబంధించిన కేసుల్లో సుప్రీంకోర్టు 2022లోనూ 2023లోనూ గట్టిగానే మందలించింది. ఆ తీర్పులు స్వేచ్ఛ గురించి చెప్పినవే తప్ప ఓటు గురించి కావు, అయినా ఈ చిక్కుముడి వాటి పక్కనే ఉంది.

నిర్బంధితుల ఓటు ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు విన్న ఆ కుర్రాడి ఇంటివాళ్లకు ఇది అవసరం పడవచ్చు, మీ తమ్ముడి విషయంలో జరిగే వాదనకు కూడా ఇదే మూలం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ప్రకారం ముందస్తు నిర్బంధంలో ఉన్న ఓటరుకు పోస్టల్ బ్యాలెట్ హక్కు ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 15 రోజుల్లోగా, నిర్బంధితుల పేర్లు, చిరునామాలు, జాబితాలో వారి నంబర్లు, వారిని ఏ జైల్లో ఉంచారన్న వివరాలు సేకరించి సంబంధిత రిటర్నింగ్ అధికారికి పంపడం ప్రభుత్వం బాధ్యత. ఆ బాధ్యతను ప్రభుత్వానికే వదిలేయనక్కర్లేదు. అదే గడువులోగా నిర్బంధితుడు తానే రిటర్నింగ్ అధికారికి రాసుకోవచ్చు. ఉదాహరణకు 2024లో తెలుగు రాష్ట్రాల్లో నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, నామినేషన్ల ఉపసంహరణ గడువు 29న ముగిసింది, పోలింగు మే 13న జరిగింది. గుర్తులు ఖరారై బ్యాలెట్ ముద్రణ అయ్యేది ఉపసంహరణ తర్వాతే కాబట్టి, కాగితం జైలుకు వెళ్లి, ఓటు పడి, తిరిగి రావడానికి నిజంగా మిగిలే కాలం చాలా తక్కువ. లెక్కింపు మొదలయ్యే వేళకు, ఆ ఎన్నికల్లో అయితే జూన్ 4 ఉదయం 8 గంటలకు, కవరు రిటర్నింగ్ అధికారి చేతిలో ఉండాలి. ఒక్క నిమిషం దాటినా అది లెక్కలోకి రాదు.

నేను చూసిన ఒక ఎన్నికలో నిర్బంధితుడి అర్జీలో పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రమే ఉన్నాయి. ఆ ఊరికి మూడు భాగాలుగా జాబితా ఉంది, అదే పేరు, అదే తండ్రి పేరుతో ఇద్దరు కనిపించారు, వయసు రాయలేదు. వివరం కోరుతూ మేం రాసిన లేఖకు జవాబు వచ్చి, బ్యాలెట్ పంపి, అది తిరిగి చేరేసరికి లెక్కింపు అయిపోయి రెండు రోజులైంది. ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ ఒక మనిషి ఓటు పోయింది. అందుకే ఇంటివాళ్లకు నేను చెప్పే మొదటి మాట, ఓటరు కార్డు నంబరు, నియోజకవర్గం, భాగం నంబరు, వరుస నంబరు ఒక చీటీ మీద రాసి ములాఖత్‌లో అందించమని. రెండో జాగ్రత్త కవర్ల దగ్గర. ఓటు వేసిన బ్యాలెట్ 13బి అనే లోపలి కవరులో ఉండాలి. 13ఏ అనే ప్రకటన పత్రం, ఆ లోపలి కవరు రెండూ కలిపి 13సి అనే పెద్ద కవరులో పెట్టాలి. ప్రకటన పత్రం మీద జైలు సూపరింటెండెంటు ధ్రువీకరణ సంతకం ఉండాలి. లెక్కింపు బల్ల మీద ముందుగా చూసేది ఆ ప్రకటననే. అది లేకపోయినా, సంతకం లేకపోయినా లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ప్రకటన పత్రాన్ని కూడా బ్యాలెట్‌తో కలిపి లోపలి కవరులో పెట్టి అంటించేసినవారిని జైళ్లలోనే కాదు, ఎన్నికల విధుల్లో ఉన్న ఉపాధ్యాయుల్లోనూ చూశాను. మరొక సంగతి, ఒకసారి పోస్టల్ బ్యాలెట్ జారీ అయ్యాక జాబితాలో ఆ పేరు పక్కన ఆ గుర్తు పడుతుంది. తర్వాత నిర్బంధం ఎత్తేసి మనిషి ఊరికి వచ్చినా పోలింగు కేంద్రంలో ఓటు వేయనివ్వరు.

ఈ ఏర్పాటు ఉన్నదని తెలిశాక, రిమాండ్ ఖైదీలకు ఓటు కుదరదన్న వాదనను మళ్లీ వినండి. 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో, ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ ఆధ్వర్యంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ నిషేధం రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. స్థూలంగా మూడు కారణాలు చూపింది. జైళ్లలో ఉన్నవారందరిచేత ఓటు వేయించాలంటే పోలీసు బందోబస్తు, సిబ్బంది, ఏర్పాట్లు విపరీతంగా కావాలి. తన ప్రవర్తన వల్లనే జైలుకు చేరిన వ్యక్తి, బయట ఉన్నవారితో సమానమైన స్వేచ్ఛను కోరలేడు. నేర నేపథ్యం ఉన్నవారిని ఎన్నికల రంగానికి దూరంగా ఉంచడం సమంజసమైన లక్ష్యమే. వీటికితోడు, ఓటు హక్కు చట్టం ఇచ్చిన హక్కు గనుక చట్టం దానికి పరిమితులు పెట్టవచ్చునన్నది మన న్యాయస్థానాలు చాలాకాలంగా చెబుతున్న మాట.

నేను న్యాయవాదిని కాను, ఈ ఏర్పాట్లు చేసిన ఉద్యోగిని మాత్రమే. ఆ అనుభవంతో చూస్తే మొదటి కారణం నాకు నిలిచేదిగా అనిపించదు. ఒకే జైల్లో, ఒకే బ్యారక్ వరుసలో, పీడీ నిర్బంధితుడికి తపాలాలో బ్యాలెట్ వెళుతోంది, సూపరింటెండెంటు సంతకం పెడుతున్నారు, కవరు తిరిగి వస్తోంది. పక్క గదిలోని రిమాండ్ ఖైదీకి అదే తపాలా, అదే సంతకం ఎందుకు అసాధ్యమవుతుంది? నాలుగు లక్షలకు పైబడిన మందికి పంపడం చిన్న పని కాదు, ఒప్పుకుంటాను. అయితే 2024లో 85 ఏళ్లు దాటిన వృద్ధుల ఇళ్లకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారి ఇళ్లకు పోలింగు బృందాలే నడిచి వెళ్లి ఓటు తీసుకున్నాయి. ఇల్లు వెతుక్కుంటూ మట్టిదారుల్లో తిరగడం కంటే ఒకే గేటు లోపల ఉన్న వందల మంది దగ్గరికి వెళ్లడం తేలిక. రెండో కారణం శిక్షపడినవారి విషయంలో ఆలోచించదగినదే, కానీ విచారణ ఖైదీ ‘తన ప్రవర్తన వల్ల’ జైల్లో ఉన్నాడని తీర్పుకు ముందే ఎలా అంటాం? మూడో కారణం మాత్రం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అదే జైలు నుంచి అభ్యర్థిగా నిలబడటానికి చట్టం అడ్డు చెప్పడం లేదు.

ఈ చివరి విషయానికి ఒక చరిత్ర ఉంది. 2013 జులై 10న సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఒకటి లిలీ థామస్ కేసు, శిక్షపడిన చట్టసభ్యుల పదవి వెంటనే పోతుందన్నది. రెండోది జన్ చౌకీదార్ కేసు, జైల్లో ఉండి ఓటు వేయలేనివాడు ఓటరే కాడు, కాబట్టి పోటీ కూడా చేయలేడు అన్నది. ఈ రెండో తీర్పు రాజకీయ పక్షాలన్నిటినీ కుదిపేసింది, ఎందుకంటే నామినేషన్ల వేళకు ప్రత్యర్థిని ఏదో ఒక కేసులో అరెస్టు చేయిస్తే చాలు. పార్లమెంటు అదే సంవత్సరం, తీర్పు వచ్చిన రోజు నుంచే అమలయ్యేలా చట్టాన్ని సవరించి 62(5)కు మరో మినహాయింపు చేర్చింది: ఓటు వేయడంపై నిషేధం ఉన్నంత మాత్రాన జాబితాలో పేరున్న వ్యక్తి ఓటరు కాకుండా పోడు. తమ అభ్యర్థిత్వాన్ని కాపాడుకోవడానికి అంత వేగంగా కదిలిన సభ, అదే వాక్యంలో ఇంకో నాలుగు మాటలు చేర్చి విచారణ ఖైదీకి ఓటు కూడా ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. 2024లో కశ్మీర్ నాయకుడు ఇంజినీర్ రషీద్ తిహార్ జైల్లో యూఏపీఏ విచారణ ఖైదీగా ఉంటూ బారాముల్లా నుంచి లోక్‌సభకు గెలిచారు. లక్షల మంది ఆయనకు ఓటు వేయగలిగారు, ఆయన మాత్రం తనకు తాను వేసుకోలేకపోయారు. జైల్లోని అభ్యర్థి చేత ప్రమాణం చేయించే అధికారం జైలు సూపరింటెండెంటుకు ఉంది, కానీ అదే అభ్యర్థి చేతికి బ్యాలెట్ అందించే అధికారం లేదు.

చట్టం మాటలు ఎంత కచ్చితంగా పనిచేస్తాయో చెప్పడానికి మరో రెండు ఉదాహరణలు. 2022 జూన్‌లో రాజ్యసభ ఎన్నికలకు ముందు, జైల్లో ఉన్న మహారాష్ట్ర ఎమ్మెల్యేలు అనిల్ దేశ్‌ముఖ్, నవాబ్ మాలిక్ ఓటు వేసి వస్తామని కోర్టుల్ని ఆశ్రయించగా, 62(5) అడ్డుగా ఉందని వారికి అనుమతి దొరకలేదు. 2012 జులైలో రాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు మాత్రం, చంచల్‌గూడ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న అప్పటి కడప ఎంపీ వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి హైదరాబాదులోని శాసనసభ ప్రాంగణానికి వచ్చి ఓటు వేశారు. రాష్ట్రపతి ఎన్నికకు 1952 నాటి వేరే చట్టం ఉంది. మీ తమ్ముడి లాంటి సామాన్య ఓటరుకు అలాంటి మరో తలుపు లేదు.

విచారణ ఖైదీల తరఫున వాదన ఆగిపోలేదు. 2020లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి పిటిషన్‌ను 1997 తీర్పును అనుసరించి కొట్టేసింది. 2025 అక్టోబరులో మరొక ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు కేంద్రానికి, ఎన్నికల సంఘానికి నోటీసులు ఇచ్చింది. స్థానిక నియోజకవర్గానికి చెందిన ఖైదీలకు జైల్లోనే పోలింగు కేంద్రం, ఇతర నియోజకవర్గాలవారికి పోస్టల్ బ్యాలెట్ పెట్టమని అందులో కోరారు. నోటీసు ఇచ్చినంత మాత్రాన నిషేధం ఆగదు కాబట్టి, ఈలోపు మీరు దానిమీద ఆశ పెట్టుకుని ప్రణాళిక వేసుకోవద్దు. పొరుగున పాకిస్తాన్ 2017 ఎన్నికల చట్టంలో జైలులోనివారికి పోస్టల్ బ్యాలెట్ ఉంది, బ్రిటన్‌లో రిమాండ్ ఖైదీలు ఓటు వేస్తారు, దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనే ఖైదీల ఓటుకు ఏర్పాట్లు చేయమంది. మనకు ఇది తెలియని విద్యేమీ కాదు.

ఇక మీరు చేయాల్సిన పనులు. పేరు తొలగింపు సంగతి ముందు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది: తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన మనిషి ఆ ఊరి నివాసి కాకుండా పోడు, జైల్లో ఉన్నంత మాత్రాన జైలు అతని నివాసం అయిపోదు. అంటే మీ తమ్ముడి నివాసం మీ ఇల్లే. 2013 సవరణ కూడా జాబితాలో పేరున్నవాడు ఓటరుగానే ఉంటాడని చెబుతోంది. ఈ రెండు సెక్షన్లు ఉటంకిస్తూ ఓటర్ల నమోదు అధికారికి ఒక అర్జీ రాసి, రశీదు తీసుకోండి. బూత్ స్థాయి అధికారితో గొడవ పడవద్దు. ‘ఇంట్లో లేరు’ అన్న గడిలో టిక్కు పెట్టడం వారికి ఇచ్చిన పని, సెక్షన్ 20 వారికి ఎవరూ చెప్పి ఉండరు. పేరు తొలగించమని కోరే ఏడో నంబరు ఫారం కింద ఎవరైనా అభ్యంతరం పెడితే, మీకు నోటీసు ఇచ్చి విచారణ జరపకుండా తొలగించకూడదు. ఒకవేళ ఇప్పటికే తొలగిస్తే, ఆరో ఫారంతో మళ్లీ చేర్చుకోవచ్చు. జైల్లో ఉండగా పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్ల విషయంలోనూ నేను ఇదే చెబుతాను, ఇంటి చిరునామాతోనే దరఖాస్తు చేయించండి; జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ ఇప్పుడు అర్హత తేదీలే.

రెండోది, అసలు తాళంచెవి అనదగినది, జామీను. మీ తమ్ముడి మీద ఉన్న సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అతనికి పూర్వం శిక్షపడి ఉండకపోతే, మరో కేసు పెండింగులో లేకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 479 కింద గరిష్ఠ శిక్షలో మూడోవంతు, అంటే ఏడాది, జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. పదకొండు నెలలు అయ్యాయి కాబట్టి నెలలో ఆ గడువు వస్తుంది. ఆ రోజు రాగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే, అయినా మీరు వారం ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి లిఖితపూర్వకంగా గుర్తుచేయండి. అంతకుముందే చేయదగినది కూడా ఉంది. బెయిలు మంజూరై ఏడు రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థకు తెలపాలనీ, నెలలోగా పూచీ సమర్పించలేకపోతే కోర్టు తనంత తానుగా షరతుల సడలింపును పరిశీలించవచ్చనీ సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఇద్దరు జామీనుదారుల బదులు ఒకరిని, లేదా సొంత పూచీకత్తును అంగీకరించమని మీ వకీలు చేత ఒక పిటిషన్ వేయించండి. డబ్బు కట్టాల్సిన షరతు అడ్డమైతే, పేద ఖైదీల సహాయ పథకం కింద విచారణ ఖైదీ తరఫున ఒక పరిమితి దాకా ప్రభుత్వం భరించే ఏర్పాటు ఉంది.

ఓటు వేసి వస్తానంటూ ఒక్క రోజు పోలీసు కాపలాతో పంపమని అడిగే పిటిషన్ మీద డబ్బు ఖర్చు పెట్టవద్దు. కాపలాతో వెళ్లినా అది కస్టడీయే, సెక్షన్ దాన్నే వద్దంటోంది. మధ్యంతర బెయిలు వేరు. 2024 మే నెలలో అరవింద్ కేజ్రీవాల్‌కు సుప్రీంకోర్టు జూన్ 1 వరకు మధ్యంతర బెయిలు ఇచ్చినప్పుడు, ఆయన మే 25న ఢిల్లీలో అందరిలాగే ఓటు వేసి, గడువు ముగిశాక తిరిగి జైలుకు వెళ్లారు. పెరోల్ మీద బయటికి వచ్చి ఇంట్లో ఉన్న శిక్షా ఖైదీ కూడా ఆ సమయంలో జైల్లో నిర్బంధంలో లేడు కాబట్టి నిషేధం అతన్ని తాకదని నా అవగాహన. అనంతపురం లాంటి ఓపెన్ జైల్లో పొలం పని చేస్తూ కనిపించే ఖైదీలు మాత్రం, కంచె లేకపోయినా, జైల్లో ఉన్నవారే. శిక్ష పూర్తయి విడుదలైనవారు ఏ దరఖాస్తూ లేకుండా ఓటు వేయవచ్చు, ఎన్నికల లంచం, దొంగ ఓటు వంటి నేరాల్లో శిక్షపడి ఆరేళ్ల అనర్హత ఉన్నవారు తప్ప. పోటీ చేయడానికి ఉన్న అనర్హతను, ఓటుకు ఉన్న అనర్హతను కలిపి చూసి చాలామంది తికమకపడతారు. రెండేళ్లు, అంతకు మించిన శిక్షతో పోటీ హక్కు పోయినా, బయటికి వచ్చాక ఓటు అలాగే ఉంటుంది.

చివరిగా, అనుభవం నేర్పిన ఒక చిన్న సంగతి. దొంగతనం, కొట్లాట కేసుల్లో బెయిలు ఇచ్చేటప్పుడు ‘ఫలానా పోలీసు స్టేషన్ పరిధిలో అడుగు పెట్టరాదు’ అని షరతు పెట్టడం మన కోర్టుల్లో మామూలు. మీ తమ్ముడికి ఓటున్న పోలింగు కేంద్రం సరిగ్గా ఆ పరిధిలోనే ఉంటుంది. బెయిలు ఉత్తర్వు చేతికి రాగానే ఆ షరతు ఉందో లేదో చూసుకుని, ఉంటే పోలింగు రోజున ఓటు వేసి వెళ్లడానికి సడలింపు కోరుతూ అదే కోర్టులో ముందే పిటిషన్ వేయండి. నేను చూసినంతలో ఇలాంటివాటిని న్యాయమూర్తులు సాధారణంగా కాదనరు, కానీ పోలింగుకు ముందురోజు సాయంత్రం అడిగితే వినే తీరిక వారికి ఉండదు. అరెస్టు సమయంలో అతని జేబులోని కాగితాలు జైలులో జమ అయి ఉంటాయి, విడుదలైన రోజు వాటిని అడిగి తీసుకోమనండి. ఓటరు కార్డు దొరకకపోతే ఆధార్ గానీ, ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం గానీ సరిపోతుంది.